లక్ష రూపాయల కౌలు రైతు

ప్రపంచంలోకెల్లా పెద్ద కుర్చీల సంతలో నేను నాలుగు గంటలు నిలబడే ఉన్నాను. అబద్ధమైతే నా మోకాళ్లను అడగండి.

ఇటలీలో మిలాన్ అనే ఊళ్లో ఏటా ఏప్రిల్‌లో ఆరు రోజులు ‘సలోనే దెల్ మోబిలే’ అని ఒక ఫర్నిచర్ మేళా జరుగుతుంది. సుమారు 2,000 కంపెనీలు, మూడు లక్షల పైచిలుకు జనం. కుర్చీలు, సోఫాలు, మంచాలు, బల్లలు, దీపాలు, దీపాల్లాగా ఉండే బల్లలు, బల్లలో దీపాలో చేసినవాడికే తెలియనివి. కూర్చోనిచ్చే చోట్లు అసలే లేవని అనను. ఉన్నాయి. నాకంటే ముందే అలిసిపోయినవాళ్లు అక్కడ సర్దుకుని కూర్చున్నారు, లేచే ఉద్దేశం ఒక్కరి ముఖంలోనూ లేదు. కంటికి నదరుగా కనిపించిన ప్రతి కుర్చీ ముందరా మాత్రం ముట్టుకోవద్దని చిన్న అట్టముక్క. పెళ్లింట్లో ఓళిగలు, చిత్రాన్నం, లడ్లు వరసగా పేర్చి, విస్తరి మాత్రం వెయ్యకుండా పంపించినట్టు.

వీసా ఇచ్చేటప్పుడు 90 యూరోలు కట్టించుకుని, నేను వాళ్ల దేశంలోనే కూర్చుండిపోనని రుజువు చెయ్యమన్నారు. ఇంటి పన్ను రసీదు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, తిరుగు టికెట్టు అన్నీ చూపించాను. అనవసరంగా భయపడ్డారు పాపం. కూర్చోడానికి చోటుంటే కదా!

సంత నాకు కొత్త కాదు. మాది ఆదోని, అమ్మ పుట్టిల్లు ఎమ్మిగనూరు. జనవరిలో ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరస్వామి జాతరలో తాత భుజమెక్కి తేరు చూసినవాణ్ని. ఎద్దుల సంతలో ఎద్దుకూ ఎద్దుకూ మధ్య దూరిపోయి తప్పిపోయినవాణ్ని. ఆదోని పత్తి మార్కెట్టులో బోరాల గుట్టలెక్కి దూకినవాణ్ని. కొనేవాడి ముఖం, అమ్మేవాడి ముఖం, మధ్యలో దళారి ముఖం ఎట్లుంటాయో నాకెవరూ నేర్పనక్కరలేదు. కుర్చీల సంత మాత్రం ఇదే మొదలు.

తీసుకుపోయినవాడు మా అక్క కొడుకు. మిలాన్ పొలిటెక్నికోలో డిజైన్ చదువుతున్నాడు. ఎమ్మిగనూరులో వాడి ముత్తాత మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని దుప్పట్లు నేశాడు. వీడు అదే పనిని లాప్‌టాప్‌లో ‘టెక్స్‌టైల్ నెరేటివ్’ అని నేస్తున్నాడు. ముత్తాతకు నడుం నొప్పి ఉండేది, వీడికి మెడ నొప్పి ఉంది. వంశం ఒక జానెడు పైకెక్కింది.

ఎర్ర లైను మెట్రోలో చివరి స్టేషను రో. దిగితే కిలోమీటరు పైచిలుకు పొడవున అలలుగా లేచిన గాజు కప్పు. దాని కింద నడుస్తున్నవాళ్లంతా నల్ల బట్టల్లో ఉన్నారు. నల్ల చొక్కా, నల్ల ప్యాంటు, మెడలో ఏదో తాడు.

“ఏరా, ఏప్రిల్‌లో అయ్యప్ప మాల ఏంది?” అన్నాను.

“మామా, వాళ్లు డిజైనర్లు. గట్టిగా మాట్లాడాకు.”

పత్తి పండే ఊరి నుంచి తెల్ల చొక్కా వేసుకుని పోయినవాణ్ని నేనొక్కణ్నే. ఇనుప బెంచీ కంటికి కనపడితే ఎక్కడ కూలబడతానోనని వాడు నా చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కుపోయాడు.

లోపల మొదట నేర్చుకున్న పాఠం ఇది: అక్కడ దేన్నీ దాని పేరుతో పిలవకూడదు. బల్లను బల్ల అంటే మేనల్లుడు చుట్టూ చూసి, “అది టేబుల్ కాదు మామా, ఒక కాన్వర్సేషన్” అన్నాడు. బీరువా అంటే “అది మెమరీ”. నడిమధ్యలో ఒక కుర్చీ, దాని చుట్టూ పాతిక అడుగులు బోడిగా వదిలేశారు. జాగా దండుగ కదరా అంటే, “అది నెగటివ్ స్పేస్. కుర్చీ ఊపిరి తీసుకోవాల.” కుర్చీకి ఊపిరాడాలట! నాకాడుతోందా అని అడిగిన నాథుడు లేడు.

ఇంత విన్నాక నాకు మా ఆదోని వాస్తు సిద్ధాంతి మీద ఎక్కడ లేని గౌరవం పుట్టుకొచ్చింది. ఈశాన్యం ఖాళీగా వదలమని ఆయనంటే, చదువుకున్నవాళ్లం కదా, మూఢనమ్మకం అని మూతి తిప్పుకున్నాం. అదే ఖాళీని నల్లచొక్కా ఆయన వదిలితే సిద్ధాంతం. తేడా అల్లా దక్షిణలో ఉంది. మా సిద్ధాంతి టెంకాయ, తాంబూలం, అయిదు నూర్లతో సరిపెట్టుకుంటాడు. ఇద్దరూ చేసేది ఒకటే పని: ఇల్లుగలాయన బుర్రలో లేని భయాన్ని పెట్టి, దాన్ని తీసెయ్యడానికి గోడ కొట్టించడం.

అయినా వెటకారం పక్కన పెట్టి చెప్తాను, ఒక దగ్గర మాత్రం నాకు ప్రాణం లేచొచ్చింది. నడివయసు మనిషి ఒకాయన, పనివాడి చేతులు, ఒక కుర్చీని సుతారంగా తలకిందులు చేసి, కాళ్లు సీటులోకి దిగే చోట బొటనవేలితో తడిమి, అతుకు చూసి, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. అచ్చం మా జాతరలో ఎద్దు దవడ పట్టుకుని పళ్లు లెక్కపెట్టే రైతులాగా. రెండు పళ్లా, నాలుగు పళ్లా, కడపళ్లు వచ్చేశాయా? ఆయన ఎవరో, ఏ ఊరో తెలియదు. ఎమ్మిగనూరు ఎద్దుల సంతలో వదిలితే సాయంత్రానికల్లా మంచి జత తోలుకుని ఇంటికి పోగలడు. అంతసేపట్లో నేను చూసినవాళ్లలో కుర్చీతో మాట్లాడింది ఆయనొక్కడే. మిగిలినవాళ్లు కుర్చీ గురించి మాట్లాడుతున్నారు.

ధర అడిగాను. కాగితంలో ‘ప్రైస్ ఆన్ రిక్వెస్ట్’ అని ఉంది. అడిగితే చెప్తారట, అడిగే మొహమైతే. మాకిది కొత్తా? పశువుల సంతలో దళారి తువ్వాలు కప్పి, దాని కింద చేతులు కలిపి, వేళ్లు నొక్కి బేరం చేస్తాడు. పక్కనున్నవాడికి ధర తెలియదు, ఎద్దుకు అసలే తెలియదు. మిలాన్ వాళ్లు తువ్వాలు తీసేసి ఇంగ్లీషు కప్పారు.

ఇక బొంత సంగతి. ఒక స్టాలులో గోడకు వేలాడదీసి, మీద సన్నగా దీపం వేసి పెట్టారు. పాత చీరలూ పంచెలూ పొరలుగా పరిచి, పొడుగు కుట్లు వేసిన బొంత. మా జేజి ఎండాకాలం మధ్యాహ్నాలు కుట్టినలాంటిదే. పక్కన అట్టముక్క మీద ‘అజ్ఞాత హస్తాల స్మృతి’ అనే అర్థంలో ఏదో రాశారు. అజ్ఞాతమేంది? మా వీధిలో ఏ బొంత ఎవరు కుట్టిందో కుట్టు చూసి చెప్తారు. ఆమె కుట్టు పెద్దది, ఈమె కుట్టు వంకర, ఫలానావిడ మధ్యలో వక్కాకు వేసుకోవడానికి లేచిందని కూడా చెప్తారు. అడగనివాడికి అందరూ అజ్ఞాతులే. కింద మాత్రం ఆ బొంతను ‘ఎంపిక చేసినవారి’ పేరు పెద్దక్షరాల్లో ఉంది. జేజి కుట్టింది, ఆయన ఏరాడు. సంతకం ఏరినవాడిది.

ఈ సంతకం అన్న మాటను కాస్త జేబులో వేసుకోండి. మళ్లీ పని పడుతుంది.

మిలాన్ వాళ్లకు ఇదంతా ఆకాశంలోంచి ఊడిపడలేదు. ఆ ఊరికి ఉత్తరాన బ్రియాంజా అని ఒక సీమ. కంతూ, లిస్సోనె లాంటి ఊళ్లలో తరాలుగా వడ్రంగులు. సరుకును దేశం దాటించి అమ్ముకోవాలని 1961లో ఫర్నిచర్ తయారీదారులు కూడబలుక్కుని ఈ సంత పెట్టారు. మొదటి ఏడు 328 కంపెనీలు. ఇవాళ ఆ వారంలో మిలాన్‌లో హోటలు గది కావాలంటే మా వీధిలో ఇల్లు తాకట్టు పెట్టాలి.

మా పక్క కథ అంతకంటే ముందే మొదలైంది. 1938లో మాచాని సోమప్ప గారు ఎమ్మిగనూరులో చేనేత సహకార సంఘం పెట్టారు. కరువు సీమ నేతగాళ్లకు నూలు, పని, కూలి, ఉండడానికి ఇళ్లు అన్నీ ఒక గొడుగు కిందికి తెచ్చే ప్రయత్నం. 1954లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు. ఎమ్మిగనూరు దుప్పటి, తువ్వాలు, లుంగీ తెలియని ఇల్లు ఈ సీమలో ఉండేది కాదు. ఆదోని బళ్లారి జిల్లాలో ఉన్న తెల్లదొరల కాలంలో ఇక్కడి నూలు జంపఖానాల పేరు గెజిటీర్లకు ఎక్కింది. బ్రియాంజాకు కొయ్య ఉంటే మాకు పత్తి ఉంది, నూలుంది, రంగుంది, చెయ్యి ఉంది. వాళ్లు సంత పెట్టుకున్నారు. మనం రిబేటు పెట్టుకున్నాం.

రిబేటు అన్న మాట మిలాన్‌లో వాడిచూశాను. చేతి పని అనగానే వాళ్లు ధర పెంచుతారు, మేం ఇరవై శాతం తగ్గిస్తాం అని మేనల్లుడి చేత ఒకావిడకు చెప్పించాను. ఆవిడ అనువాదం తప్పనుకుంది. మళ్లీ చెప్పమంది. మళ్లీ అదే చెప్పాడు. పాపం, ఎవరి ఇంట్లోనో చావు కబురు విన్నట్టు నా చెయ్యి పట్టుకుంది.

1961 అంటే గుర్తొచ్చింది. అదే ఏడు మన దేశంలో అహ్మదాబాదులో జాతీయ డిజైన్ సంస్థ పుట్టింది. దానికి మూడేళ్ల ముందు, 1958లో, చార్లెస్ ఈమ్స్, రే ఈమ్స్ అనే అమెరికన్ దంపతులు మన సర్కారు పిలిస్తే వచ్చి దేశం తిరిగి ఒక నివేదిక రాసిచ్చారు. ఇన్ని వస్తువులు చూసి వాళ్లు తలకెత్తుకున్నది దేన్నో తెలుసా? చెంబును. నీళ్ల చెంబు బరువు, మూతి, నడుము, చంకన ఎట్లా ఇముడుతుంది, నెత్తిన ఎట్లా నిలుస్తుంది అని ఆలోచించి మురిసిపోయారు. మనం ఆ నివేదికను క్లాసుల్లో భక్తిగా చదివించుకుంటూ, చెంబును అటకెక్కించి, ప్లాస్టిక్ మగ్గుతో నీళ్లు పోసుకుంటున్నాం.

ఇదే మిలాన్‌లో 2025 జూన్‌లో ప్రాడా కంపెనీ ఫ్యాషన్ షోలో మగవాళ్లు కొల్హాపురి చెప్పుల్లాంటివి వేసుకుని నడిచారు. తోలు చెప్పులన్నారే గాని కొల్హాపురం ఊసెత్తలేదు. మహారాష్ట్రలో గోల లేచాక అవునన్నారు. మనవాళ్లకు ఎంత రోషమొచ్చిందో! రోషంతో ఊగిపోయినవాళ్ల కాళ్ల వంక చూశాను. అన్నీ బ్రాండు బూట్లే.

ఊరికే దొరలను తిడితే నా చొక్కా తెల్లబడదు. మన ఇంట్లోకి వద్దాం.

మా దగ్గర అంతర్జాతీయ ఫర్నిచర్ మేళా పెళ్లిళ్ల సీజనులో జరుగుతుంది. అది ట్రాక్టరు ట్రాలీలో నడుస్తుంది. ఒక బీరువా, దానికి నిలువుటద్దం, అద్దానికి నెమలి బొమ్మ. ఒక మంచం, తలాపున హృదయాకారం. పరుపు, డ్రెస్సింగ్ టేబులు, ఒక సోఫా. ట్రాలీ వీధంతా తిరిగి అందరూ లెక్కపెట్టుకున్నాక గానీ ఇంటికి చేరదు. సోఫాకున్న ప్లాస్టిక్ కవరు తియ్యరు. దాని మీద కూర్చుంటే ఎండాకాలం తొడలు అంటుకుని, లేస్తే చర్రుమని శబ్దం. పదేళ్ల తర్వాత కవరు చిరుగుతుంది, అప్పుడు సోఫా మీద దుప్పటి కప్పుతారు. ఆ దుప్పటి మాత్రం ఎమ్మిగనూరుది. మిలాన్ వాళ్లయినా వస్తువును ఆరు రోజులే ముట్టుకోనివ్వరు. మనది జీవితకాలం.

పత్తిలో నాలుగు రూకలు చూసినవాళ్లు ఇల్లు కడితే ‘ఇటాలియన్ మార్బుల్’ వెయ్యాల్సిందే. బేతంచెర్ల బండ పక్కనే ఉంది. తాతల కాలం నుంచి మట్టి మిద్దెల్లో కాళ్ల కింద చల్లగా పడి ఉన్న బండ. అందుకే లోకువ. ఇటలీలో ఒక స్టాలులో చూశాను, గరుకు బండను గరుకుగానే పరిచి, దాని మీద వట్టి కాళ్లతో నడిస్తే నేలతో బంధం కలుగుతుందని రాశారు. మేం నలభై ఏళ్లుగా ఆ బంధాన్ని తెంచుకోవడానికి అప్పులు చేస్తున్నాం!

డిజైన్‌లో మన దేశం ప్రపంచానికి ఇవ్వగలిగి ఇవ్వకుండా దాచుకున్నది ఒకటుంది. ఆఫీసరు కుర్చీ వీపు మీద తెల్ల తువ్వాలు. అంత పెద్ద మేళాలో అన్ని హాళ్లూ వెతికాను, ఎవడికీ తట్టలేదు. ఎంత తక్కువ సామానుతో ఎంత పెద్ద పని! అదే కుర్చీ, అదే ఇనుము, పైన గజం గుడ్డ వేస్తే చాలు, అందులో కూర్చున్నవాడు నడుం వాల్చుకునే మనిషి కాదు, ప్రభుత్వం. ఎదురుగా అర్జీ పట్టుకుని నిలబడేవాడు నిలబడే ఉంటాడు. ఆ తువ్వాలు నేసినవాడే మగ్గం రుణం కోసం వచ్చి, తను నేసిన తువ్వాలును ఎదుట చూస్తూ నిలబడిన రోజులు ఎన్ని లేవు! సలోనే వాళ్లు కుర్చీ మీద ‘కూర్చోవద్దు’ అని అట్టముక్క పెట్టుకోవాలి. మా దగ్గర తువ్వాలు చాలు, చదువు రానివాడికి కూడా అర్థమవుతుంది.

ఇంతకూ కౌలు రైతు.

మూడో గంటలో కాబోలు, కాళ్లు నావి కానట్టు నడుస్తుంటే, ఎర్రగా మెరుస్తూ ఒక ట్రాక్టరు సీటు కనిపించింది. బొమ్మ కాదు, పోలిక కాదు, ట్రాక్టరు సీటే. పిర్రలు ఆనే చోట పల్లం, మధ్యలో బెజ్జాలు. దాని కింద వంచిన ఉక్కు పట్టీ, నేల మీద అడ్డంగా ఒక కొయ్య. సీటును పట్టీకి బిగించడానికి సైకిలు చక్రానికి వాడేలాంటి రెక్కల నట్టు. అయిపోయింది.

నాకు సంతోషం పట్టలేక, “ఒరే, మన మాసీ ఫెర్గూసన్!” అని అరిచాను. ఇద్దరు మాలధారులు వెనక్కి తిరిగారు.

“మామా, అది క్లాసిక్” అన్నాడు వాడు పళ్ల బిగువున. అకిల్లె కస్తిల్యోని, పియెర్ జాకొమో కస్తిల్యోని అనే అన్నదమ్ములు 1957లో చేసిన పీట. జనోటా కంపెనీ తయారుచేస్తుంది. ప్రపంచంలో పేరున్న మ్యూజియాలు దాచుకున్నాయి. ధర మన డబ్బులో లక్షకు కాస్త అటూ ఇటూ.

పనితనం లేదని అంటే కళ్లు పోతాయి. పొలంలో ఎక్కడా అనవసరమైనది లేని వస్తువు ట్రాక్టరు సీటు. దాన్ని తెచ్చి ఇంట్లో పెడితే ఇల్లు సిగ్గుపడుతుంది, సీటు కాదు. అన్నదమ్ములు ఆ సంగతి కనిపెట్టారు. అంతవరకు దండం.

దాని పేరేంది అన్నాను. మెడ్జాద్రో అన్నాడు. అంటే? ఫోను గోకి చెప్పాడు: పంటలో సగం ఆసామికి కొలిచే రైతు. మా పడమటి పల్లెల్లో అతన్ని కోరు రైతు అంటారు. భూమి ఆసామిది, కష్టం ఇతనిది, ఫలితం చెరిసగం, నష్టం మొత్తం ఇతనిది. పై జిల్లాల్లో కౌలు రైతు అనండి, మా దగ్గర ముందే రొక్కం కట్టేదైతే గుత్త అనండి, మనిషి ఒకడే.

ఇటలీలో ఆ మనిషి ఇప్పుడు లేడు. చచ్చిపోలేదు, 1964లో చట్టం చేసి కొత్తగా ఎవరూ ఆ ఒప్పందం రాసుకోకూడదన్నారు. పొలాలు వదిలి జనం మిలాన్, తురిన్ ఫ్యాక్టరీలకు పోయారు. మనిషి పోయాక 1970లలో పీటను కంపెనీ లెక్కన తయారుచేయడం మొదలుపెట్టారు, ఇప్పటికీ ఆపలేదు. అంటే క్రమం చూడండి. కోరు రైతు ఉన్నంత కాలం అతనికి పీట వేసినవాడు లేడు. అతను లేచిపోయాక అతనే పీట అయ్యాడు. దాని మీద కూర్చునేది ఆసామి మనవడు.

ఇప్పుడు జేబులోంచి సంతకం తీయండి.

ఆ ట్రాక్టరు సీటు విలువ ఇనుములో లేదు. ఆదోని పాత ఇనుప సామాన్ల అంగట్లో తూకానికి దొరుకుతుంది. విలువ కస్తిల్యోని సంతకంలో ఉంది. ఆ సంతకం లేకపోతే అది పనికిరాని ట్రాక్టరు ముక్క. మన దగ్గరా అంతే. 2019లో మన రాష్ట్రంలో పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చింది. కౌలు రైతుకు సీసీఆర్సీ కార్డు ఇస్తామన్నారు. కార్డుంటే పంట రుణం, బీమా, నష్టపరిహారం. పదకొండు నెలల ఒప్పందం. కింద భూమి ఆసామి సంతకం పెట్టాలి. పెడితే భూమి పోతుందేమోనని ఆసామి భయం. పెట్టడు. ఆ సంతకం లేకపోతే మూడెకరాల పత్తి వేసినవాడు సర్కారు కాగితాల్లో లేడు. అప్పు వడ్డీ వ్యాపారి దగ్గర, విత్తనం అరువు మీద, పంట దళారికి. రేషనుకు పోతే వేలిముద్ర మిషను అరిగిపోయిన వేళ్లను గుర్తుపట్టదు. సంతకం ఒకడిది కావాలి, వేలిముద్ర తనది చెల్లదు. మిలాన్‌లో సంతకం దొరికిన కౌలు రైతు లక్ష పలుకుతున్నాడు. కౌతాళంలో సంతకం దొరకని కౌలు రైతు గుంటూరు బస్సెక్కుతున్నాడు.

మా పక్కన ఈ వలసకు సుగ్గి అని పేరు. చలికాలం పోయేటప్పటికి కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు పల్లెల్లో ఇళ్లకు తాళాలు పడతాయి. ముసలివాళ్లు, మేకలు మిగులుతాయి. మిరపకాయలు కోయడానికి గుంటూరు సీమకు, మట్టి పనికి బెంగళూరుకు, బొంబాయికి. బడి పిల్లలు కూడా మూటల మధ్య కూర్చుని పోతారు. ఆదోనిని మావాళ్లు రెండో బొంబాయి అని గర్వంగా చెప్పుకుంటారు. రెండోది పక్కనుండగా మొదటిదానికి ఎందుకు పోతున్నారని అడగకండి, గర్వం చెడుతుంది.

నాలుగో గంట నిండేసరికి కళ్లు తిరిగాయి. మేనల్లుడు ఎవరో ప్రొఫెసరుతో ‘ఖాళీ’ గురించి మాట్లాడుతున్నాడు. గోడ పట్టుకుని నడుస్తూ ఒక సందులో దూరితే అది స్టాలు వెనక. ముందు నుంచి చూస్తే పాలరాతి గోడ, వెనక నుంచి చూస్తే ప్లైవుడ్డు, మేకులు, వైర్లు, చీపుర్లు. అక్కడ ఒక బంగ్లాదేశీ కుర్రాడు టిఫిను తింటున్నాడు. నన్ను చూసి, ఏమనుకున్నాడో, సామాన్లొచ్చిన అట్టపెట్టె ఒకటి తన్ని బోర్లించి, “బైఠో చాచా” అన్నాడు.

మూడు లక్షల మంది తిరిగే కుర్చీల సంతలో నన్ను కూర్చోమన్నవాడు ఒక్కడు. అతనికి అక్కడ కుర్చీ లేదు.

వచ్చీరాని హిందీలో ఇద్దరం మాట్లాడుకున్నాం. స్టాళ్లు బిగించడానికి కొన్ని వారాలు, విప్పడానికి కొన్ని రోజులు పని. తర్వాత ఇంకో ఊరు, ఇంకో మేళా. సుగ్గి అన్న మాట అతనికి చెప్పాను. పలకడానికి తేలికగా ఉందన్నాడు. కింద పరిచిన తివాచీలు ఏం చేస్తారని అడిగితే, ఆఖరి రోజు సాయంత్రం చించి చుట్టి చెత్తబండిలో వేస్తామన్నాడు. ఎన్ని ఎకరాలో ఆ తివాచీలు! ఆరు రోజుల తొక్కుడుకు నేసినవి. మా తాత ఇంట్లో జంపఖానా ఒకటి, నాలుగు పెళ్లిళ్లు, ఆరు దినాలు, లెక్కలేనన్ని హరికథలు చూసి, అంచులు చీకిపోయినా ఇప్పటికీ మడిచి పెట్టే ఉంది. దాన్ని మిలాన్ తీసుకుపోతే ‘స్మృతి’ అని గోడకు కొడతారు. మా ఇంట్లోనే ఉంటే రేపో మాపో ట్రాక్టరు ఇంజనుకు కప్పుతారు.

తిరిగొచ్చేటప్పటికి ఆదోని రైల్వేస్టేషను పెనంలా కాలుతోంది. కౌతాళం పక్క పల్లె నుంచి వచ్చి మా వీధి చివర ఉంటున్న పెద్దమనిషి ఒకాయన, వరసకు ఏమీ కాడు, చిన్నాయన అని పిలుస్తాను, కోరుకు పత్తి వేస్తాడు. మిరప కోతలు ముగించుకుని ముందురోజే గుంటూరు నుంచి దిగాడు. చేతివేళ్ల సందుల్లో మంట ఇంకా పోలేదట, బెల్లపునీళ్లలో ముంచుకుని అరుగు మీద కూర్చున్నాడు. ఒళ్లో నాలుగు మడతలు పెట్టిన కాగితం. సీసీఆర్సీ ఒప్పందం. కింద సంతకం జాగా ఖాళీ.

“ఆసామి పెట్టలేదా చిన్నాయనా?”

“బెంగళూరులో ఉండాడంట నాయనా. వచ్చినంక చూద్దామన్యాడు. పోయిన ఏడూ అంతే అన్యాడు. నువ్వు యాడికో పోయినావంటనే?”

“ఇటలీకి. కుర్చీల సంతకు.”

“ఎన్ని తెచ్చినావు?”

“ఒకటీ తేలేదు.”

“మరి ఏంటికి పోయినావు?” అన్నాడు. మిలాన్‌లో ఎవరూ నన్ను ఇంత గట్టి ప్రశ్న అడగలేదు. జవాబు తోచక ఫోను తీసి ఎర్ర సీటు ఫొటో చూపించాను.

“ట్రాక్టరు సీటు కదా ఇది!”

“అవును. లక్షకు అమ్ముతున్నారు. దానికి పేరు కూడా పెట్టినారు. కోరు రైతు అని.”

నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. తడి వేళ్లు పంచెకు తుడుచుకుని ఫోను చేతిలోకి తీసుకున్నాడు. దగ్గరికి పెట్టుకుని, దూరం పెట్టుకుని, అడ్డంగా తిప్పి, ఎద్దును కొనేవాడు చుట్టూ తిరిగి చూసినట్టు చూశాడు.

“ఆనుకునేదానికి ఏమీ లేదే” అన్నాడు.

“దానికి వీపు చెయ్యలేదు చిన్నాయనా. అంతే, ఒట్టి సీటు.”

“ఊఁ” అని ఫోను నా చేతిలో పెట్టాడు. “పేరు సరిగ్గనే పెట్టినారులే.”